నాణెం మీద రాజముఖం: అధికారం, నమ్మకం, భాష

నాణెం ఎగరవేసి పందెం తేల్చుకొనేటప్పుడు తెలుగువారు ‘బొమ్మా, బొరుసా’ అని అడుగుతారు. తమిళనాడులో పెరిగిన మన విద్యార్థులు ఇదే సందర్భంలో ‘పూవా, తలయా’ అన్న మాట విని ఉంటారు. మహారాష్ట్రలో ఉన్నవారికి ‘ఛాపా, కాటా’ తెలిసినదే. తమిళ వాడుకలోని తల రాజు తల. బ్రిటిషు కాలపు నాణేలకు ఒకవైపు రాజు తల, రెండోవైపు పూలతీగ ఉండడం వల్ల ఆ మాట పుట్టిందని చెబుతారు. తెలుగు మాటలో తల లేదు. ఉన్నది బొమ్మ. అది రాజుది కావచ్చు, దేవుడిది కావచ్చు, ఏనుగుది కావచ్చు.

ఒక్క వాడుకను పట్టుకొని ఒక జాతి రాజకీయ భావాలను తేల్చి చెప్పడం శాస్త్రీయం కాదు. అయినా ఈ తేడా ఒక ప్రశ్నకు దారి చూపుతుంది. నాణెం మీద రాజు ముఖం ఉండడం మనకు ఈనాడు సహజంగా తోస్తుంది. రాజుకు బలం ఉంది, అందుకే తన ముఖం అచ్చు వేయించాడు అని తేలికగా అనుకొంటాం. 15వ శతాబ్ది చివరినుంచి 19వ శతాబ్ది తొలి భాగం వరకు గల నాణేలను పరిశీలిస్తే విషయం అంత తేలిక కాదని బోధపడుతుంది. ఆ కాలంలో అధికారం నాణెం మీద మూడు విధాలుగా తన్ను తాను ప్రకటించుకొంది: ముఖం ద్వారా, పేరు ద్వారా, దేవతామూర్తి ద్వారా. ఈ మూడింటిలో ఏది ఎక్కడ ఎందుకు వచ్చిందో చూడడం ఈ వ్యాసం ఉద్దేశం. పాలించే హక్కును కొత్తగా రుజువు చేసుకోవలసి వచ్చినచోటనే ముఖం ఎక్కువగా ముందుకు వచ్చిందని, ఆ పనిని పేరో దేవుడో చేసిపెడుతున్నచోట దాని అవసరం కలగలేదని నా అభిప్రాయం.

తల పేరుతో నాణేలు

మధ్యయుగపు ఐరోపాలో నాణేలపై రాజు ముఖం ఉండేది కాని, అది ఏ రాజుకైనా సరిపోయే కిరీటధారి బొమ్మ. రాజు మారినా బొమ్మ మారేది కాదు. మనిషి పోలికలతో కూడిన ముఖం ఇటలీలో 15వ శతాబ్ది ద్వితీయార్ధంలో వచ్చింది. పాత రోమను చక్రవర్తుల నాణేలను పండితులు, ప్రభువులు సేకరించి చదువుతున్న రోజులవి. మిలాన్ నగరాన్ని 1450లో చేజిక్కించుకొన్న ఫ్రాంచెస్కో స్ఫోర్జా వంశపారంపర్యంగా వచ్చిన ప్రభువు కాడు, కూలి సైన్యాల నాయకుడు. తన ముఖాన్ని బంగారు నాణెం మీద వేయించినవారిలో అతడు మొదటి వరసలో ఉన్నాడు. అతని కొడుకు గలియాజ్జో మరియా 1474 ప్రాంతంలో పెద్ద వెండి నాణెం మీద తన తలను వేయించాడు. దానికి ‘తెస్తోనె’ అని పేరు వచ్చింది. ఇటాలియన్‌లో ‘తెస్తా’ అంటే తల, తెస్తోనె అంటే పెద్ద తల. ఫ్రెంచిలో తెస్తోఁ, ఇంగ్లీషులో టెస్టూన్ అన్న నాణేల పేర్లు దీని నుంచే పుట్టాయి.

అదే ఇటలీలో వెనిస్ గణతంత్రం దీనికి విరుద్ధంగా నడిచింది. అక్కడ రాజు లేడు. ‘దోజె’ అనే ఎన్నికైన అధిపతి ఉండేవాడు. 1472లో నికొలో త్రోన్ అనే దోజె తన ముఖంతో వెండి నాణెం వేయించాడు. 1473లో అతడు మరణించగానే, ఇకపై ఏ దోజె తన ముఖాన్ని నాణెం మీద వేయించరాదని కట్టడి చేశారు. గణతంత్రంలో ఒక మనిషి ముఖం నాణేనికి ఎక్కడం నిరంకుశత్వానికి మొదటి మెట్టు అని వారు భావించారు. వెనిస్ బంగారు డుకాటు మీద దోజె కనిపిస్తాడు కాని, సంత మార్కు ఎదుట మోకరిల్లి జెండా కర్ర పుచ్చుకొని ఉంటాడు. ఈ డుకాట్లు వ్యాపారం ద్వారా దక్షిణ భారతదేశానికి విస్తారంగా వచ్చాయి. ఆ బొమ్మలోని కర్రను చెట్టు అనుకొని, మనిషిని కల్లుగీత కార్మికుడు అనుకొని తమిళ ప్రాంతంలో దానికి ‘శాణార్ కాసు’ అని పేరు పెట్టారు. వెనిస్ పెద్దలు ఎంతో ఆలోచించి కుదిర్చిన బొమ్మ ఇక్కడికి వచ్చేసరికి తాటితోపులోకి చేరింది. చూసేవాడి లోకం మారితే గుర్తుకు అర్థం మారుతుందనడానికి ఇది మంచి ఉదాహరణ.

ఇంగ్లండులో పోలికగల ముఖం వేయించిన మొదటి రాజు ఏడవ హెన్రీ. 1485లో యుద్ధంలో గెలిచి సింహాసనం ఎక్కినవాడు. రక్తసంబంధం రీత్యా అతని హక్కు బలమైనది కాదు. 16వ శతాబ్ది ఆరంభంలో అతని పక్కముఖం టెస్టూన్ మీదికి వచ్చింది. మిలాన్‌లోనూ ఇంగ్లండులోనూ కొత్త వంశాలే ఈ పనికి పూనుకోవడం గమనించదగినది.

ముఖానికి ఒక ప్రమాదం కూడా ఉంది. ఎనిమిదవ హెన్రీ 1544 తరువాత యుద్ధ ఖర్చులకోసం వెండిలో రాగి కలిపించాడు. ఆ నాణేలపై అతని ముఖం ఎదురుగా చూస్తూ ఉంటుంది. చేతులు మారేకొద్దీ బొమ్మలో ఎత్తుగా ఉన్న ముక్కు దగ్గర పై వెండి అరిగి లోపలి రాగి బయటపడేది. ప్రజలు రాజుకు ‘రాగి ముక్కువాడు’ అని పేరు పెట్టారు. అతని కూతురు మొదటి ఎలిజబెత్ 1560, 1561 సంవత్సరాలలో ఆ కల్తీ నాణేలను వెనక్కి రప్పించి మంచి వెండితో మళ్ళీ వేయించవలసి వచ్చింది.

ఇక్కడ మన భాషల వైపు ఒకసారి చూడాలి. తెలుగులో నాణెం అంటే ధనపు ముక్క. నాణ్యం అంటే మేలిమి. నాణ్యమైన సరుకు, నాణెమైన పని అంటాం. తమిళంలో ‘నాణయం’ అంటే నాణెమూ అవుతుంది, మనిషి నిజాయితీ కూడా అవుతుంది. కన్నడంలో ‘నాణ్య’, మరాఠీలో ‘నాణే’ ఈ కుటుంబపు మాటలే. సంస్కృత ‘నాణక’ శబ్దం వీటికి మూలం. ఆ శబ్దాన్ని కుషాణుల నాణేలపై కనిపించే ననా అనే దేవత పేరుతో కొందరు పండితులు ముడిపెట్టారు. మూలం ఏదైనా, తెలుగు తమిళాల వాడుకలో ఈ మాట లోహపు మేలిమి వైపు, నమ్మకం వైపు నడిచింది. పాలకుడి తల వైపు నడవలేదు. మన అంగళ్ళలో నాణేన్ని తేల్చేవాడు షరాబు. వాడు గీటురాయి మీద గీసి వన్నె చూస్తాడు, తక్కెడలో తూస్తాడు. ముక్కు రాగిదో వెండిదో వాడికి ముందే తెలుస్తుంది.

రాజు తల తీసిన తరువాత

ముఖం రాజకీయంగా ఎంత బరువైనదో 17వ శతాబ్ది ఇంగ్లండు చరిత్రలో బాగా కనిపిస్తుంది. 1649 జనవరి 30న పార్లమెంటు పక్షం మొదటి చార్లెస్‌కు శిరచ్ఛేదం చేసింది. రాజరికం రద్దయింది. కాని డబ్బు లేకుండా దేశం నడవదు కదా! కొత్త నాణేల మీద ఏమి వేయాలన్న ప్రశ్న వెంటనే వచ్చింది. ముఖం పూర్తిగా పోయింది. దాని స్థానంలో డాళ్ళు వచ్చాయి. ఒకవైపు ఇంగ్లండు శిలువ గుర్తుగల డాలు, రెండోవైపు ఇంగ్లండు, ఐర్లండుల గుర్తులతో జంట డాళ్ళు. ఆ జంట డాళ్ళు వేలాడదీసిన లాగులా ఉన్నాయని ప్రత్యర్థులు ‘లాగు డబ్బులు’ అని ఎగతాళి చేశారు.

భాషా విద్యార్థులకు ఇంతకన్నా ముఖ్యమైన మార్పు మరొకటి ఉంది. అంతవరకు ఇంగ్లీషు నాణేలపై లేఖనం లాటిన్‌లో ఉండేది. ఇప్పుడు ‘ది కామన్‌వెల్త్ ఆఫ్ ఇంగ్లండ్’ అని ఒకవైపు, దేవుడు మాతో ఉన్నాడనే అర్థంలో మరోవైపు, రెండూ ఇంగ్లీషులో వచ్చాయి. లాటిన్ రాజుల భాషగా, పాత మతాధికార భాషగా వారికి కనిపించింది. ముఖం పోయినచోట దేశభాష వచ్చింది.

ఈ స్థితి ఎక్కువకాలం నిలవలేదు. సంరక్షక ప్రభువు అనే బిరుదుతో అధికారం చేపట్టిన ఆలివర్ క్రామ్‌వెల్ 1657లో పార్లమెంటు ఇవ్వజూపిన కిరీటాన్ని తిరస్కరించాడు. కాని 1656, 1658 తేదీలతో తయారైన నాణేలపై అతని ముఖం ఉంది. థామస్ సైమన్ అనే గొప్ప శిల్పి ఆ అచ్చులు చెక్కాడు. తలపై కిరీటం లేదు, రోమను చక్రవర్తుల ఆకుల దండ ఉంది. చుట్టూ లేఖనం మళ్ళీ లాటిన్‌లోకి వెళ్ళింది. కిరీటం వద్దన్నవాడికి కూడా తన అధికారాన్ని ప్రజల చేతుల్లోకి చేర్చడానికి ముఖమూ లాటినూ కావలసివచ్చాయి. ఈ నాణేలు ఎక్కువగా చెలామణి కాలేదు. 1658లో అతడు మరణించాడు. 1660లో రెండవ చార్లెస్ తిరిగి రాజయ్యాడు. 1661లో కామన్‌వెల్త్ నాణేలను చెలామణి నుంచి తొలగిస్తూ ప్రకటన వెలువడింది.

1662 నుంచి యంత్రాలమీద వేసిన రెండవ చార్లెస్ నాణేలలో అతని ముఖం కుడివైపు చూస్తుంది. క్రామ్‌వెల్ ముఖం ఎడమవైపు చూసింది. అప్పటినుంచి ఒక పాలకుడి ముఖం ఒకవైపు చూస్తే తరువాతి పాలకుడి ముఖం రెండోవైపు చూడడం అక్కడ ఆనవాయితీగా స్థిరపడింది. రెండవ ఎలిజబెత్ కుడివైపు చూసింది. 2022లో రాజైన మూడవ చార్లెస్ ఎడమవైపు చూస్తున్నాడు.

పేరే ముద్ర

ఇదే కాలంలో మన దేశంలో ముస్లిం రాజ్యాలలో మరొక పద్ధతి నడిచింది. సార్వభౌముడికి రెండు గుర్తులు: శుక్రవారపు ప్రార్థనలో చదివే ‘ఖుత్బా’లో అతని పేరు వినిపించాలి, ‘సిక్కా’ మీద అతని పేరు ఉండాలి. ముఖం ఉండనవసరం లేదు. షేర్‌షా సూర్ (1540–1545) ప్రవేశపెట్టి, మొగలులు కొనసాగించిన వెండి రూపాయి మీద ఉన్నది లేఖనమే. ఇందులో ఒక భాషా విశేషం ఉంది. ‘రూప్య’ అంటే రూపం ముద్రించినది అని పాణినీయం చెబుతుంది. రూపం పేరుతో పుట్టిన రూపాయి దాదాపు మూడు వందల ఏళ్ళు చాలావరకు రూపం లేకుండానే నడిచింది.

పేరుకు ఎంత బరువుండేదో తెలియాలంటే గోల్కొండకు రావాలి. 1636లో షాజహాన్ ఒత్తిడికి లొంగి అబ్దుల్లా కుతుబ్‌షా ఒడంబడిక చేసుకొన్నాడు. ఖుత్బాలోనూ సిక్కామీదా మొగలు చక్రవర్తి పేరు ఉండాలన్నది అందులోని ముఖ్యమైన షరతు. కోట పడలేదు, రాజు మారలేదు. కాని టంకసాలలో పేరు మారింది. ఆ కాలపు రాజకీయంలో దానిని లొంగుబాటుగానే అందరూ చదువుకొన్నారు. ఔరంగజేబు గోల్కొండను జయించినది 1687లో. దానికి యాభై ఏళ్ళ ముందే నాణెం ఆ మాట చెప్పింది.

ఈ సంప్రదాయంలో జహంగీరు (1605–1627) ఒక విలక్షణమైన మినహాయింపు. 1611 నుంచి 1614 వరకు అతడు తన రూపంతో బంగారు మొహరీలు వేయించాడు. వాటిలో కొన్నింటిలో చేతిలో పానపాత్ర కూడా ఉంటుంది. తల చుట్టూ కాంతివలయం, వెనకవైపు సింహం, సూర్యుడు. తండ్రి అక్బరు ముఖంతో కూడా మొహరీలు వేయించాడు. ఇవి బజారులో నడవడానికి కావు. దయగల కొలువుదారులకు బహూకరించేవి, వారు ఒంటిమీద ధరించేవి. 1618లో నెల పేరుకు బదులు ఆ నెలకు సరిపడే రాశి బొమ్మ వేయించే కొత్త ఆలోచన చేశాడు. దానిని తన స్వీయచరిత్రలో తానే చెప్పుకొన్నాడు. మేష, వృషభ, మిథునాలు అలా మొగలు నాణేలకు ఎక్కాయి. పాలన చివరి సంవత్సరాలలో రాణి నూర్జహాన్ పేరు కూడా సిక్కామీద వచ్చింది. షాజహాన్ కాలంలో బొమ్మలు ఆగిపోయాయి, లేఖనం తిరిగి వచ్చింది.

జహంగీరు ముఖపు మొహరీని మిలాన్ తెస్తోనెతో ఒకే గాటన కట్టరాదు. తెస్తోనె తెలియని ప్రజల మధ్య తిరిగి, నేనే మీ ప్రభువును అని చెప్పాలి. మొహరీ తెలిసిన కొద్దిమందితోనే మాట్లాడుతుంది. మొదటిది పాలనకు సంబంధించినది, రెండోది కొలువుకు సంబంధించినది. అతని అధికారాన్ని దేశమంతా ప్రకటించిన నాణెం పేరున్న రూపాయే.

దేవుడి వరహా

దక్షిణాదిలో మూడవ పద్ధతి బలంగా కనిపిస్తుంది. విజయనగర బంగారు నాణెం వరహా. సుమారు 3.4 గ్రాముల బరువు. విష్ణువు వరాహావతారం పేరు దానికి స్థిరపడింది. ఐరోపా భాషల్లో తల పేరుతో నాణెం ఉంటే మనకు దేవుడి పేరుతో ఉంది. తొలి విజయనగర రాజుల నాణేలపై హనుమంతుడు, తరువాత ఉమామహేశ్వరులు, లక్ష్మీనారాయణులు కనిపిస్తారు. అచ్యుతరాయల నాణేలపై గండభేరుండం ఏనుగులను పట్టుకొని ఎగురుతుంది. వెనకవైపు రాజు పేరు నాగరిలోనో కన్నడ లిపిలోనో ఉంటుంది. రాజు ముఖాన్ని వేయించడం వరహాల ఆనవాయితీ కాదు.

శ్రీకృష్ణదేవరాయల వరహా మీద కూర్చొని ఉన్న మూర్తిని బాలకృష్ణుడిగా పండితులు గుర్తించారు. 1514లో గజపతుల ఉదయగిరి దుర్గాన్ని జయించి, అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని రాయలు విజయనగరానికి తెచ్చి 1515లో ఆలయంలో ప్రతిష్ఠించాడు. నాణెం మీద ఆ బాలుణ్ణి చూసిన వ్యాపారికి, దళవాయికి విజయవార్త అందుతుంది. గెలిచిన రాజు మాత్రం బొమ్మలో లేడు. పేరు వెనకవైపు ఉంది.

ఆనాటి రాజులకు తమ రూపం చెక్కించుకోవడం తెలియదనడానికి వీలులేదు. తిరుమల ఆలయంలో రాయలు తిరుమలదేవి, చిన్నాదేవులతో కలిసి చేతులు జోడించి నిలుచున్న లోహ విగ్రహాలు నేటికీ ఉన్నాయి. మధురలో పుదుమండపం స్తంభాల మీద తిరుమల నాయకుడు నిలువెత్తున కనిపిస్తాడు. అంతకు చాలా ముందే శాతవాహనులు తమ ముఖాలతో వెండి నాణేలు వేయించారు. వాటికి ఒకవైపు లేఖనం ప్రాకృతంలో, రెండోవైపు ఒక దక్షిణాది ద్రావిడ భాషలో ఉంది. ఆ భాషను ఏ పేరుతో పిలవాలన్న విషయంలో పండితులలో ఏకాభిప్రాయం లేదు. 1906లో నాసిక్ జిల్లా జోగల్‌తెంబిలో దొరికిన 13 వేలకు పైగా నాణేలన్నీ క్షహరాత రాజు నహపానుడి ముఖంతో వేసినవే. వాటిలో మూడింట రెండు వంతుల నాణేలపై గౌతమీపుత్ర శాతకర్ణి తన గుర్తులను తిరిగి కొట్టించాడు. శత్రువు ముఖాన్ని కరిగించకుండా దానిమీదే ముద్ర వేయడం ఎంత స్పష్టమైన ప్రకటనో వేరే చెప్పనక్కరలేదు. కనుక ముఖచిత్రం మనకు పరాయిది కాదు. విజయనగర రాజుల రూపం గుడిలో దేవుడి ఎదుట చేతులు జోడించి ఉంది. నాణెం మీద మాత్రం దేవుడే ఉన్నాడు. రాజు దేవుడి సేవకుడిగా పాలిస్తున్నాడన్న భావానికి ఈ రెండూ ఒకదానికొకటి పూరకాలు.

ఈ పద్ధతి పతాకస్థాయికి చేరినది రెండవ వెంకటపతిరాయల (1586–1614) కాలంలో. అతని నాణెం మీద తోరణం కింద వేంకటేశ్వరుడు నిలుచుని ఉంటాడు. వెనకవైపు నాగరిలో ‘శ్రీవేంకటేశ్వరాయ నమః’ అని ఉంటుంది. తళ్ళికోట యుద్ధం (1565) తరువాత రాజధాని పోయి, పెనుగొండనుంచి చంద్రగిరికి, తరువాత వేలూరికి జరిగిన రాజ్యమది. రాజు ఎంత దూరం తరలిపోయినా తిరుమల కొండ కదలదు. ఆ నాణెం రాజు బలాన్ని కాకుండా దేవుడి స్థిరత్వాన్ని హామీగా పెట్టింది.

హామీకి మతపు హద్దులు కూడా అడ్డురాలేదు. 1763లో ఇక్కేరి నాయకుల బిదనూరును జయించిన హైదర్ అలీ అక్కడి శివపార్వతుల వరహాను అలాగే కొనసాగించాడు. వెనకవైపు మాత్రం తన పేరులోని మొదటి అక్షరాన్ని పారసీ లిపిలో వేయించాడు. అతడు భక్తితో ఆ పని చేయలేదు. షరాబుకు, రైతుకు, వర్తకుడికి అలవాటైన వరహాను చెడగొడితే వ్యాపారం దెబ్బతింటుందని అతనికి తెలుసు.

కంపెనీ ఎక్కడ ఏ వేషం వేసింది

1639లో తెలుగు నాయకుడు దామెర్ల వెంకటాద్రి మద్రాసులో ఈస్టిండియా కంపెనీకి స్థలం ఇచ్చినప్పుడు నాణేలు వేసుకొనే హక్కు కూడా ఇచ్చాడు. కంపెనీ అక్కడ ఏ బొమ్మ వేసింది? ఆనాటి లండను నాణేలపై మొదటి చార్లెస్ ముఖం ఉంది. మద్రాసు వరహాపై దేవుడు ఉన్నాడు. ఇరుపక్కల దేవేరులతో వేంకటేశ్వరుడు ఉన్న వరహాలు, 18వ శతాబ్దిలో ఒకవైపు విష్ణువు, మరోవైపు నక్షత్రం ఉన్న వరహాలు కంపెనీ టంకసాలలోనే తయారయ్యాయి. తమ దేశంలో ముఖంకోసం యుద్ధం చేసుకొన్న వారు ఇక్కడ చడీచప్పుడు లేకుండా దేవుణ్ణి అచ్చు వేశారు.

వెండి రూపాయి దగ్గర కంపెనీ మొగలు వేషం వేసింది. 1690ల్లో బొంబాయిలో తమ రాజు విలియం, రాణి మేరీల పేర్లతో పారసీలో రూపాయిలు వేయగా ఔరంగజేబు ప్రభుత్వం ఆగ్రహించింది. చరిత్రకారుడు ఖాఫీఖాన్ ఈ విషయం ప్రస్తావించాడు. పేరు మారితేనే ఇంత గొడవ. ఆ తరువాత 1717లో ఫరూఖ్‌సియర్ అనుమతితో బొంబాయిలోనూ, 1742 నుంచి మద్రాసులోనూ మొగలు చక్రవర్తి పేరుతోనే రూపాయిలు వేశారు. ఫ్రెంచివారు పాండిచ్చేరిలో అంతకు ముందే, 1736లో, ఆర్కాటు నవాబు దోస్త్ అలీఖాన్ నుంచి ఈ హక్కు పొందారు. ఫ్రాన్సులో పదిహేనవ లూయీ ముఖం నాణేలపై తిరుగుతుండగా పాండిచ్చేరి రూపాయి మీద మహమ్మద్‌షా పేరు ఉంది. చిల్లరకు రాగి నాణెం మీద ఒకవైపు ఫ్రెంచి రాజవంశపు పువ్వు, రెండోవైపు తమిళంలో పుదుచ్చేరి అన్న ఊరి పేరు. దానిని వారు ‘దుదూ’ అన్నారు. కన్నడిగుల దుడ్డు, తమిళుల తుట్టు ఆ మాటలో ఉన్నాయి. యానాం విద్యార్థులు తమ ఊరి పాత పాలకులు మన మాటను ఇలా పలికారని గుర్తుపెట్టుకోవచ్చు.

మద్రాసు రూపాయి విషయంలో ఇంకొక విచిత్రం ఉంది. 1759లో హత్యకు గురైన రెండవ ఆలంగీరు పేరు, అతని ఆరవ పాలనా సంవత్సరం ఆ రూపాయిమీద 1835 వరకు మారకుండా నిలిచాయి. చక్రవర్తి పోయి డెబ్బై ఏళ్ళు దాటినా అతని పేరు చెల్లింది. మైసూరు, మరాఠా యుద్ధాలు గెలిచిన కంపెనీకి సైనికంగా ఆ పేరు అవసరం ఏనాడో తీరింది. బజారుకు మాత్రం తీరలేదు.

1835 నాటి నాణేల చట్టంతో ఈ వేషాలన్నీ ఒక్కసారిగా తొలగాయి. దేశమంతటా 180 గ్రెయిన్ల బరువుగల ఒకే రూపాయి వచ్చింది. దానిమీద నాలుగవ విలియం ముఖం, ఇంగ్లీషులో అతని పేరు, రాజు అన్న బిరుదు ఉన్నాయి. అప్పటికి ఢిల్లీ ఎర్రకోటలో మొగలు చక్రవర్తి రెండవ అక్బరు ఇంకా ఉన్నాడు. 1840లో విక్టోరియా ముఖం వచ్చింది. కంపెనీ ఈ దేశంలో బలపడిన రోజున ముఖం రాలేదు. బజారును, టంకసాలలను, పన్నును ఒక్క పద్ధతిలోకి తెచ్చి, ఇక ఎవరి పేరూ అరువు తెచ్చుకోనక్కరలేదని చెప్పదలచిన రోజున వచ్చింది. రూప్యానికి రూపం దొరికింది. అది సముద్రాల అవతల ఉన్న మనిషిది.

ముఖం ఎటువైపు, తెలుగు ఎటువైపు

నాణేల మీద తెలుగు ఎక్కడ ఉందన్నది మన శాఖ విద్యార్థులు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం. 1807 తరువాత మద్రాసులో కంపెనీ వేసిన వెండి పావు వరహా, అర వరహాలపై ఒకవైపు గోపురం, దాని చుట్టూ నక్షత్రాలు ఉంటాయి. రెండోవైపు విష్ణువు, ఆ చుట్టూ నాణెం విలువ తమిళంలోనూ తెలుగులోనూ ఉంటుంది. మద్రాసు బజారు రెండు భాషల బజారు అని ఆ నాణెం నమోదు చేసింది.

తరువాతి శతాబ్దిలో, ఏడవ ఎడ్వర్డు కాలంలో, 1907 ప్రాంతంలో నికెల్ కలిపిన అణా నాణెం వచ్చింది. ఒకవైపు కిరీటం పెట్టుకొన్న రాజు ముఖం, ఇంగ్లీషులో అతని పేరు, బిరుదు. రెండోవైపు అణా అన్న విలువ ఇంగ్లీషుతోపాటు ఉర్దూ, నాగరి, బెంగాలీ, తెలుగు లిపులలో. ఐదవ జార్జి కాలంలోనూ ఇది కొనసాగింది. ఒకే నాణెంలో పని ఎలా పంచుకొన్నారో చూడండి. అధికారం ఎవరిదో చెప్పే వైపు ఇంగ్లీషు ఒక్కటే ఉంది. ఎంత ఇవ్వాలో ఎంత పుచ్చుకోవాలో చెప్పే వైపు తెలుగు ఉంది. లెక్క మన భాషలో, ఆజ్ఞ వేరే భాషలో. క్రామ్‌వెల్ తన ముఖంతోపాటు లాటిన్‌ను వెనక్కి తెచ్చుకోవడానికీ దీనికీ పోలిక ఉంది.

హైదరాబాదు సంస్థానం వేరే దారిలో నడిచింది. మహబూబ్ అలీఖాన్ కాలంలో, 20వ శతాబ్ది ఆరంభంలో, రూపాయి మీదికి చార్మినార్ వచ్చింది. ముఖం రాలేదు. గుమ్మంలో మహబూబ్ పేరులోని ‘మీమ్’ అక్షరం, 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీఖాన్ కాలంలో ‘ఐన్’ అక్షరం ఉంటాయి. హైదర్ అలీ వరహామీది ఒంటి అక్షరాన్ని ఇవి గుర్తుచేస్తాయి. 1918 తరువాత వచ్చిన హైదరాబాదు కాగితపు నోట్లమీద విలువ ఉర్దూ, ఇంగ్లీషులతోపాటు తెలుగు, మరాఠీ, కన్నడాలలో కూడా ఉండేది. నగరపు కట్టడాన్ని గుర్తుగా పెట్టి, ప్రజల భాషలను విలువ పక్కన ఉంచిన పద్ధతి అది.

1950లో గణతంత్ర భారతం కొత్త నాణేలు వేయించినప్పుడు రాజు ముఖం ఉన్నచోట అశోకుడి సింహాల శీర్షం వచ్చింది. నెహ్రూ ముఖం నాణెం మీదికి వచ్చినది 1964లో, అతని మరణానంతరం. 1996నుంచి నోట్లవరసలో స్థిరపడిన గాంధీజీ ఏ ప్రభుత్వ పదవీ చేపట్టని మనిషి. కొత్త గణతంత్రం బతికి ఉన్న పాలకుణ్ణి ఆ స్థానంలో కూర్చోబెట్టలేదు. వెనిస్‌లో ఐదు వందల ఏళ్ళకు ముందు చేసిన కట్టడి ఇక్కడ చట్టం కాకపోయినా, ఆ జాగ్రత్త కొంత ఉందని చెప్పవచ్చు.

కొన్ని సూచనలు

తెలుగు ప్రాంతాలకు బయట చదువుకొనే మన విద్యార్థులకు ఈ విషయంలో ఒక సౌకర్యం ఉంది. వారు రెండు మూడు లిపులు చదవగలరు. నాగరి, కన్నడ, తమిళ, తెలుగు లేఖనాలు కలిసి నడిచిన దక్షిణాది నాణేలను పరిశీలించడానికి ఒకే భాషలో పెరిగినవారి కంటే వారు సమర్థులు. చెన్నైలో ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో మంచి నాణేల సేకరణ ఉంది. ఇంట్లో పెద్దల పెట్టెల్లో అణాలు, కాసులు ఉండవచ్చు. వరలక్ష్మీ వ్రతానికి కొనే లక్ష్మీ ‘రూపు’ కూడా పరిశీలించదగినదే. రూపం ముద్రించినది అన్న పాత అర్థం ఆ మాటలో ఇంకా బతికి ఉంది. దానిమీద ఇప్పటికీ దేవతే ఉంది.

నాణెం చేతికి వచ్చినప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. బొమ్మ ఎవరిది? పేరు ఎవరిది? ఈ రెండూ ఒకరివేనా? ఏ మాట ఏ భాషలో ఉంది? బొమ్మ దేవుడిది, పేరు రాజుది, టంకసాల కంపెనీది అయినప్పుడు, ఆ మూడింటి మధ్య ఉన్న ఎడమే ఆ కాలపు రాజకీయ చరిత్ర. దానిని చదవడానికి పెద్ద గ్రంథాలయం అక్కరలేదు. ఓపిక, ఒక భూతద్దం, మన భాషలు చాలు.